ఒంటరిగా క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం, పాప్-టాప్ రూఫ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాప్-టాప్ అంటే క్యాంపర్‌వ్యాన్‌కు (పడక, వంట ఏర్పాటు ఉన్న వ్యాన్) ఉండే, పైకి లేచే రూఫ్. ఎత్తినప్పుడు దాని చుట్టూ గుడ్డ గోడలు ఉంటాయి. దాన్ని ఎత్తడం రెండు నిమిషాల పని. ఇద్దరుంటే ఒకరు లోపల, ఒకరు బయట నిలబడి "ఆ మూల గుడ్డ బయటికొచ్చింది చూడు" అనుకుంటూ చేసేస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ బయట నిలబడే మనిషి ఉండరు. నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. అందుకే కింది జవాబుల్లో రూఫ్ ఎలా ఎత్తాలన్నదానికంటే, ఎప్పుడు ఎత్తకుండా ఊరుకోవాలి, దించాక ఏం చూసుకోవాలి అన్న మాటలే ఎక్కువ ఉంటాయి. మీ వ్యాన్ మాన్యువల్ ఇంకోలా చెబితే మాన్యువల్ మాటే వినండి. ఒక్కో కంపెనీ మెకానిజం ఒక్కో రకం.

ఎత్తు రూఫ్ వ్యాన్ తీసుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

ఉండదు, నిజమే. ఆగగానే లోపల నిలబడొచ్చు, గాలికి భయం లేదు, గుడ్డ తడుస్తుందన్న బెంగ లేదు. కానీ పగలంతా నడిపేది మీరే. పాప్-టాప్ దించితే అది మామూలు వ్యానే. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా టీ6 ఎత్తు 1.99 మీటర్లు. రెండు మీటర్ల హద్దు పెట్టిన కార్ పార్కింగుల్లోకి కూడా దూరిపోతుంది. అడ్డగాలి వీచే రోడ్డు మీద స్టీరింగ్‌తో కుస్తీ పట్టే పని తగ్గుతుంది. ఒక్కరికి కింద పడక, పైన తల ఎత్తుకునే జాగా చాలు, గది కావాలనిపించదు.

ఈ ఆలోచన పాతదే. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లోనే ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్‌లో మార్టిన్ వాల్టర్ సంస్థ తయారుచేసిన డార్మొబైల్ రూఫ్ అయితే పక్కకు తెరుచుకునేది, చారల గుడ్డతో. ఇప్పటికీ పాత వ్యాన్ల ప్రదర్శనల్లో ఆ చారలు దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

ఒక్కరే ఎత్తి దించగలరా? అంత బలం నాకు లేదనిపిస్తోంది.

గ్యాస్ స్ట్రట్లు (రూఫ్‌ను పైకి తోసే, లోపల గ్యాస్ నింపిన కడ్డీలు) మంచి స్థితిలో ఉంటే బలం పెద్దగా అక్కర్లేదు. రూఫ్ బరువులో చాలా భాగం అవే మోస్తాయి. మీరు పెట్టాల్సింది మొదటి తోపు మాత్రమే. ఆ తర్వాత అదే లేస్తుంది.

అసలు కిటుకు మీరు నిలబడే చోటులో ఉంది. రూఫ్‌ను బిగించి ఉంచే రెండు లాచ్‌లూ విప్పాక సరిగ్గా మధ్యలో నిలబడి, రెండు అరచేతులతో సమానంగా తోయాలి. ఒక పక్క నుంచి తోస్తే ఆ పక్క ముందు లేచి, రెండో పక్క వెనకబడి, మొత్తం ఫ్రేమ్ మెలి తిరుగుతుంది. ఇద్దరున్నప్పుడు ఈ తప్పు జరగదు, ఎందుకంటే చెరో పక్కా పట్టుకుంటారు. ఒక్కరే చేసేటప్పుడు మాత్రం చేతికి దగ్గరగా ఉన్న వైపు తోసేయాలనిపిస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లు కదలని చిన్న స్టూల్ ఒకటి పెట్టుకోండి. సీటు అంచు మీద మునివేళ్లతో నిలబడి తోయకండి.

దించేటప్పుడు రెండు పట్టీలు ఉంటే రెండూ కలిపి లాగండి. ఒకే పట్టీ ఉంటే శరీరం బరువుతో నెమ్మదిగా వేలాడితే చాలు, జబ్బలతో గుంజనక్కర్లేదు. కత్తెరలాగా ముడుచుకునే ఇనుప చట్రం ఉన్న రూఫుల్లో వేళ్లు దాని దరిదాపుల్లో ఉండకూడదు.

దించుతుంటే గుడ్డ బయటికి ఉబ్బి అంచుల్లో ఇరుక్కుపోతోంది. ఏం చేయాలి?

అందరూ అడిగేది ఇదే, ఒంటరివాళ్లు మరీ ఎక్కువ అడుగుతారు. కారణం చాలా మామూలుది. తలుపులన్నీ మూసి రూఫ్ దించితే లోపలి గాలికి పోయే దారి ఉండదు. అది గుడ్డను బుడగలా బయటికి తోస్తుంది. ఆ ఉబ్బిన గుడ్డ మీద రూఫ్ అంచు కూర్చుంటుంది. కాబట్టి దించే ముందు పక్క తలుపు బార్లా తీసి పెట్టండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

మిగతా సగానికి గుడ్డ చుట్టూ ఎలాస్టిక్ తాడు. చాలా రూఫుల్లో కుట్టే వస్తుంది. లేకపోతే పొడవాటి ఎలాస్టిక్ తాడును గుడ్డ సగం ఎత్తులో బయట నుంచి చుట్టి కడితే, దిగుతున్నకొద్దీ గుడ్డను లోపలికి లాక్కుంటుంది. అదీ లేకపోతే మూడు విడతల్లో దించండి. మూడో వంతు దించి ఆగండి, లోపల నుంచి నాలుగు వైపులా గుడ్డను చేత్తో లోపలికి లాగి మడతలు సర్దండి. ఇంకో మూడో వంతు దించి మళ్లీ సర్దండి. చివరి జానెడు దూరం దించే ముందు బయటికి దిగి, వ్యాన్ చుట్టూ ఒక రౌండ్ వేయండి. ముఖ్యంగా మీరు నిలబడే చోటు నుంచి కనబడని వెనక మూలలు చూడండి.

ఇరుక్కునేది గుడ్డ ఒక్కటే కాదు. ఓసారి నా దుప్పటి కొస, రెండు వేళ్ల వెడల్పు ఉంటుందేమో, వెనక కుడి మూలన బయటికి వచ్చి ఉంది. నేను చూసుకోలేదు. ఆ రోజంతా వాన. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ కొస పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు పీలుస్తూనే ఉంది. రాత్రి రూఫ్ ఎత్తి పరుపు మీద చెయ్యి వేస్తే చప్పుడొచ్చేంత తడి. రబ్బరు బీడింగ్ ఎంత మంచిదైనా దాని మధ్యలో గుడ్డముక్క ఉంటే అక్కడ బీడింగ్ లేనట్టే. అప్పటి నుంచి దించే ముందు పడక సామానంతా మధ్యకు కుప్పగా తోసేస్తాను. మందపాటి రజాయిలైతే కిందికి పడేయడమే మంచిది. పైన అవి ఉండగా బలవంతంగా లాచ్ వేస్తే మెకానిజం మీద భారం పడుతుంది.

లాచ్ వేశానా లేదా అన్న అనుమానం దారంతా పీడిస్తోంది. నాకొక్కరికేనా?

అందరికీ. అనుమానం పెనుభూతం అంటారు కానీ, ఈ విషయంలో ఆ భూతం కాస్త ఉండటమే మేలు.

ఎందుకో లెక్కలో చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తెచ్చే ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 48 కిలోల బరువుకు సమానం. 50 కిలోమీటర్ల దగ్గర అది 12 కిలోలే. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతు. అందుకే లాచ్ వేయని రూఫ్ ఊళ్లో మెల్లగా వెళుతున్నప్పుడు ఏమీ తెలియనివ్వదు, హైవే ఎక్కాక లేస్తుంది. పైగా రూఫ్ మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది కూడా. ముందు అంచు కాస్త తెరుచుకుందంటే గాలి లోపలికి దూరి మిగతా పని పూర్తి చేస్తుంది.

నా పద్ధతి చెబుతాను. దించి లాచ్‌లు వేశాక, రెండు అరచేతులతో రూఫ్‌ను పైకి గట్టిగా తోస్తాను. కదలకూడదు. తర్వాత ఎడమ లాచ్‌ను ముట్టుకుని "ఎడమ" అని పైకి అంటాను, కుడి ముట్టుకుని "కుడి" అంటాను. వినేవాళ్లు లేరు కాబట్టి సిగ్గుపడే పని లేదు. నోటితో అన్న మాట అరగంట తర్వాత గుర్తుంటుంది, కళ్లతో చూసింది ఉండదు. ఇంకో అలవాటు: రూఫ్ ఎత్తగానే ఎర్ర రిబ్బన్ ఒకటి స్టీరింగ్‌కు కడతాను, లాచ్‌లు రెండూ వేశాకే విప్పుతాను. కొన్ని వ్యాన్లలో రూఫ్ తెరిచి ఉంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. మీ దానిలో ఉన్నా సరే, రిబ్బన్ కట్టండి. సెన్సర్ గుడ్డముక్కను గుర్తుపట్టదు.

ఇన్ని చేశాక కూడా దారిలో అనుమానం వస్తే, వీలైన మొదటి చోట ఆపి చూడండి. రెండు నిమిషాలు పోతాయి, అంతే.

గాలి ఎంత ఉంటే దించేయాలి?

మీ రూఫ్ తయారీదారు హద్దు చెప్పి ఉంటే అదే హద్దు. చెప్పకపోతే చెట్లను చూడండి. వాతావరణ శాఖలు వాడే బ్యూఫోర్ట్ కొలమానంలో చిన్న చెట్లు ఊగడం మొదలైతే 5వ స్థాయి, అంటే గంటకు 29 నుంచి 38 కిలోమీటర్లు. పెద్ద కొమ్మలు ఊగుతూ, తీగలు ఈల వేస్తూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 6వ స్థాయి, 39 నుంచి 49 దాకా. 5 దగ్గర నేను చెవి ఒగ్గి ఉంటాను. 6 వస్తుందని సూచన ఉంటే అసలు ఎత్తను.

సమస్య నిలకడగా వీచే గాలితో కంటే ఉండుండి విసిరే గాలితో ఎక్కువ. గుడ్డ చటుక్కున ఉబ్బి చటుక్కున లోపలికి కొట్టుకుంటుంటే కుట్లు, జిప్‌లు, కీళ్లు మూడూ దెబ్బతింటాయి. వ్యాన్‌ను నిలిపే దిశ ఇక్కడ చాలా పనికొస్తుంది. రూఫ్ ఏ వైపు కీలుతో అతుక్కుని పల్లంగా ఉంటుందో ఆ వైపు గాలికి ఎదురుగా పెట్టండి. ముందు కీలు ఉన్న రూఫ్ అయితే బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. అప్పుడు గాలి వాలు మీదుగా జారిపోతుంది. ఎత్తైన గుడ్డ గోడ గాలికి ఎదురుగా ఉంటే మాత్రం అది తెరచాపే.

ఒంటరివాళ్లకు ఇందులో ఒక కష్టం ఉంది. గాలి అర్ధరాత్రి పెరిగితే, ఎత్తి ఉన్న రూఫ్‌ను ఆ గాలిలోనే ఒక్కరే దించాలి. గుడ్డ సర్దడానికి రెండు చేతులు చాలవు. అందుకే పడుకునే ముందే నిర్ణయించుకోవాలి. అనుమానంగా ఉంటే సాయంత్రమే దించేసి కింద పడుకోండి. అర్ధరాత్రి దించక తప్పకపోతే, ముందు గాలికి చాటుగా ఉన్న వైపు తలుపు తీయండి, విసురు తగ్గే దాకా ఆగి దించండి.

వాన పడుతుంటే? తడి గుడ్డతో దించొచ్చా?

వానలో పైన పడుకోవచ్చు. మంచి గుడ్డ వానను ఆపుతుంది. నూలు కలిసిన కాన్వాస్ అయితే కొత్తలో కుట్ల దగ్గర నీరు కారినట్టు కనిపించొచ్చు. ఒకటి రెండుసార్లు తడిసి ఆరాక దారాలు ఉబ్బి ఆ సందులు పూడిపోతాయి. పాలిస్టర్ గుడ్డకు ఈ గుణం లేదు, దాని బలమంతా పైపూతలోనే. బండిని కాస్త వాలుగా నిలిపితే రూఫ్ మీద నీరు నిలవదు.

తడిగా ఉండగా దించాల్సి వస్తే దించండి, వేరే దారి లేదు. కానీ అదే రోజు సాయంత్రమో, మహా అయితే మర్నాడో ఎత్తి ఆరబెట్టాలి. మడతల్లో తడి రెండు రోజులు ఉందంటే బూజు వాసన మొదలవుతుంది. ఒకసారి నల్లచుక్కలు పడ్డాక మరక పూర్తిగా పోవడం కష్టం. దించే ముందు పాత తువ్వాలుతో లోపలి వైపు తుడిచి, పొడి తువ్వాలు ఒకటి పరుపుకూ గుడ్డకూ మధ్య పరిచి దించితే పడక తడవకుండా ఉంటుంది.

గుడ్డను బట్టల సబ్బుతో, డిటర్జెంట్‌తో ఎప్పుడూ కడగొద్దు. నీటిని ఆపే పూత పోతుంది. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. నీటిచుక్కలు ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి ఇంకుతున్నాయంటే కాన్వాస్‌కు వేసే వాటర్‌ప్రూఫ్ పూత మళ్లీ వేయాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఒక్కరే ఉన్నప్పుడు పైన పడుకోవాలా, కింద పడుకోవాలా?

జనం ఉన్న క్యాంపింగ్ స్థలంలో పైన పడుకోండి. గాలి వస్తుంది, చూపు దూరం పోతుంది, తెల్లవారుజామున జిప్ తీస్తే చెట్ల కొమ్మలు చేతికందే ఎత్తులో ఉంటాయి. ఈ సుఖం కోసమే కదా పాప్-టాప్ కొన్నది.

తెలియని చోట, రోడ్డు పక్కన, మనసుకు ఏదోలా ఉన్న చోట మాత్రం రూఫ్ దించి కింద పడుకుంటాను. దీనికి మూడు కారణాలు. ఎత్తిన రూఫ్ "లోపల మనిషి నిద్రపోతున్నారు" అని చెప్పకనే చెబుతుంది. రెండోది, పైన ఉండి బయలుదేరాలంటే దిగాలి, సర్దాలి, దించాలి, లాచ్ వేయాలి. కింద ఉంటే లేచి డ్రైవర్ సీట్లో కూర్చోవడమే. మూడోది, గుడ్డ గోడ ఇనుప గోడ కాదు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. రాత్రి లోపల లైటు వేస్తే గుడ్డ మీద మీ నీడ సినిమాలా కనిపిస్తుంది. చొక్కా మార్చుకుంటున్నారా, ఫోన్ చూస్తున్నారా, ఒక్కరే ఉన్నారా అన్నీ బయటికి తెలిసిపోతాయి. ఓసారి లోపల లైటు వేసి, బయటికి దిగి, ఇరవై అడుగులు నడిచి వెనక్కి చూడండి. చూశాక నేనేమీ చెప్పక్కర్లేదు. పైన ఉన్నప్పుడు తక్కువ వెలుతురు లైటును పరుపు మట్టానికి పెట్టుకోండి. లైటు మీకూ గుడ్డకూ మధ్య ఉండాలి, మీరు లైటుకూ గుడ్డకూ మధ్య కాదు.

ఎక్కడ పడుకున్నా బండి ముక్కు బయటికి పోయే దారి వైపు ఉండాలి. డ్రైవర్ సీటు ఖాళీగా, తిప్పే సీటైతే ముందుకు తిప్పి ఉండాలి. తాళంచెవికి రోజూ ఒకే చోటు. చెప్పులకూ అంతే. వెలుతురు ఉండగానే చేరుకోండి. చీకట్లో చూసిన చోటు మంచిదో కాదో తెల్లారాక గానీ తెలియదు.

పొద్దున లేచేసరికి లోపలంతా చెమ్మ. ఒక్కరి ఊపిరికే ఇంతా?

మీ ఊపిరి, చెమట కొంత, రాత్రి చేసిన వంట మిగతాది. ఎల్‌పీజీ కిలో కాలితే దాదాపు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. గిన్నెలోంచి లేచే ఆవిరి దానికి అదనం. అదంతా చల్లటి రూఫ్‌కు తగిలి నీరవుతుంది.

మందు ఒక్కటే: గాలి ఆడాలి. చలిగా ఉన్నా పైన ఒక జిప్ నాలుగు వేళ్లు, కింద ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. రెండు చోట్లా తెరిస్తేనే గాలి కదులుతుంది, ఒక్కచోట తెరిస్తే కదలదు. పరుపు కింద గాలి ఆడే జల్లెడ లాంటి మ్యాట్ వేయకపోతే పలక మీద తడి చేరి పరుపు అడుగున బూజు పడుతుంది. నెలకోసారి పరుపు ఎత్తి చూడండి.

చలికాలంలో పాప్-టాప్ పనికొస్తుందా?

రూఫ్ దించి కింద పడుకుంటే పనికొస్తుంది. ఎత్తితే హీటర్ వేడి నేరుగా పైకి పోయి గుడ్డలోంచి బయటికి పోతుంది. డీజిల్ హీటర్లు గంటకు 100 నుంచి 300 మిల్లీలీటర్ల లోపే తాగుతాయి కాబట్టి ఇంధనం సమస్య కాదు, వేడి నిలవకపోవడమే సమస్య. గుడ్డ మీద తొడిగే మందపాటి కవర్లు దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఒక్కరే చలిలో చేతులు కొంకర్లు పోతుండగా దాన్ని తొడగడం ఎంత సేపో ఓసారి ఇంటి దగ్గర చేసి చూసి కొనండి.

మంచు కురిసే చోట రూఫ్ ఎత్తి నిద్రపోవద్దు. తాజా పొడి మంచు 10 సెంటీమీటర్లు పేరుకుంటే చదరపు మీటరుకు 10 కిలోల లోపే ఉంటుంది. అదే తడి మంచైతే 30 కిలోలు దాటొచ్చు. పొద్దున ఎత్తే ముందు, దించే ముందు రెండుసార్లూ దులపాలి.

లోపల వంట చేయొచ్చా?

చేయొచ్చు, రూఫ్ ఎత్తి, తలుపో కిటికీయో తీసి. స్టవ్‌కు నేరుగా పైన గుడ్డ, వేలాడే తువ్వాలు ఏదీ ఉండకూడదు. నూనె చిమ్మే వంటలు బయటే చేసుకోండి. గుడ్డకు పట్టిన నూనె వాసన నెలలు పోదు.

స్టవ్ వెలిగించి లోపల వెచ్చబెట్టుకోవడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టడం మాత్రం ఎప్పుడూ, ఎంతసేపైనా, కిటికీ తీసి అయినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మగత వస్తే అది నిద్ర అనుకుంటారు. పక్కన లేపేవాళ్లు లేనప్పుడు ఆ పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. క్యారవాన్లు, పడవల కోసం ఉద్దేశించిన ఈఎన్ 50291-2 ప్రమాణం ఉన్న అలారం కొని, దాని కాగితంలో చెప్పిన చోట బిగించండి. పడుకునేది పైనా కిందా మారుతుంటే రెండు కొనండి. ఎల్‌పీజీ వేరే సంగతి. అది గాలికంటే బరువు, లీకైతే నేల మీద చేరుతుంది. లీకైన గ్యాస్ బయటికి పోవడానికి నేలలో ఉండే రంధ్రాన్ని చల్లగాలి వస్తోందని గుడ్డతో మూసేవాళ్లను చూశాను. మూయకూడదు.

స్ట్రట్లు నీరసపడ్డాయని ఎలా తెలుస్తుంది?

ముందు తానే లేచే రూఫ్‌ను ఇప్పుడు చివరిదాకా తోయాల్సి వస్తోందా? ఎత్తాక మెల్లగా కుంగుతోందా? ఒక పక్క వెనకబడుతోందా? రాడ్ మీద నూనె చెమ్మ ఉందా? ఏ ఒక్కటి ఉన్నా మార్చే సమయం వచ్చినట్టే.

అయితే చలిని లెక్కలోకి తీసుకోండి. లోపలున్నది ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్. 25 డిగ్రీల్లో ఉన్న బలం సున్నా డిగ్రీల దగ్గర దాదాపు 8 శాతం తగ్గుతుంది. చలి పొద్దున బరువుగా లేచిన రూఫ్ మధ్యాహ్నం మామూలుగా లేస్తే కంగారు అక్కర్లేదు.

మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి. పాతదాని మీద అచ్చువేసిన న్యూటన్ల అంకె (తోసే బలం కొలత) చూసి అదే తీసుకోండి. ఎక్కువ బలమున్నది వేస్తే లేవడం సుఖమే, దించడానికి ఒక్కరి బరువు చాలదు. మార్చేటప్పుడు మాత్రం ఇంకో మనిషిని పిలవండి. ఈ పేజీ మొత్తంలో ఒంటరిగా చేయొద్దని నేను గట్టిగా చెప్పే పని ఇదొక్కటే. స్ట్రట్ విప్పిన క్షణాన రూఫ్ బరువు ఎవరో ఒకరు మోయాలి. పాతవాటికి రంధ్రం చేయడం, మంటలో వేయడం ప్రమాదం.

కరెంటుతో లేచే రూఫ్ మధ్యలో ఆగిపోతే?

మొదట బ్యాటరీ ఓల్టేజీ, తర్వాత ఫ్యూజు చూడండి. రెండూ బాగుంటే చేత్తో దించే ఏర్పాటు ఉంటుంది. అది ఎక్కడుందో, దానికి ఏ స్పానర్ కావాలో కొన్న వారమే మాన్యువల్‌లో చూసి, ఆ పేజీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి, ఆ స్పానర్ బండిలోనే ఉంచండి. సిగ్నల్ లేని చోట ఇంటర్నెట్‌లో వెతుకుదాంలే అనుకుంటే కుదరదు.

రూఫ్ మీద సోలార్ ప్యానెల్, సామాను పెట్టొచ్చా?

గాజు సోలార్ ప్యానెల్ 100 వాట్లది 6 నుంచి 8 కిలోలు ఉంటుంది. వంగే రకం రెండు మూడు కిలోలే, కానీ త్వరగా పాడవుతుంది. ఎత్తేటప్పుడు ఆ బరువంతా స్ట్రట్లదీ మీదీ. సైకిలు, కయాక్, పెట్టెలు ఏవైనా ఎత్తే ముందు దించాల్సిందే. వ్యాన్ నడుస్తున్నప్పుడు మోయగల బరువు వేరు, రూఫ్ ఎత్తడానికి అనుమతించిన బరువు వేరు. రెండోది చాలా తక్కువ. ఏం బిగించినా టేపు తీసి నేల నుంచి ఎత్తు మళ్లీ కొలిచి, ఆ అంకె సన్‌వైజర్ మీద రాసుకోండి.

ఒక్కరికి బ్యాటరీ ఎంత కావాలి?

కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 20 నుంచి 30 ఆంపియర్-అవర్లు (బ్యాటరీ కరెంటు కొలత) తింటుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. లైట్లు, ఫోన్, ఫ్యాన్ కలిపినా ఒక్కరికి అంతకంటే తక్కువే. ఏజీఎం (సీలు వేసిన లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లదైతే సగమే వాడుకోవాలి, లేదంటే ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80 దాకా వాడొచ్చు. కదలకుండా రెండు రోజులు ఉండేవాళ్లకు రెండోది నయం.

వాడిన వ్యాన్ కొంటున్నాను. రూఫ్‌లో ఏం చూడాలి?

పగటి వెలుతురులో రూఫ్ ఎత్తించి, మీరు లోపలికి ఎక్కి, తలుపులు మూసి పైకి చూడండి. గుడ్డలో సూదిమొన రంధ్రాలుంటే చుక్కల్లా మెరుస్తాయి. మడత పడే గీతల వెంట, మూలల కుట్ల వెంట మరీ శ్రద్ధగా చూడండి. తర్వాత ముక్కుతో పని. పరుపు ఎత్తి వాసన చూడండి, బూజు వాసన అక్కడ దాగదు. లోపల అప్పుడే అగరొత్తో, సెంటో కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి.

అమ్మేవాళ్లను ఎత్తించకుండా మీరే ఒక్కరే ఎత్తి దించండి. రోజూ చేయాల్సింది మీరే కదా. దించాక రూఫ్ చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడండి. ఒక మూల వేలు పడుతూ, ఎదురు మూల పట్టకపోతే ఫ్రేమ్ ఎప్పుడో మెలి తిరిగిందన్నమాట. లాచ్‌లు బిగించిన చోట రూఫ్‌లో పగుళ్లు, బోల్టుల చుట్టూ తుప్పు ఉన్నాయా చూడండి.

నెలల తరబడి వాడకపోతే?

పూర్తిగా ఆరాకే దించండి. నెలకోసారి ఎండ ఉన్న రోజు ఎత్తి రెండు గంటలు గాలి పట్టనివ్వండి. ఎత్తి వదిలేయకండి, ఎండకు గుడ్డ చివికిపోతుంది. బీడింగ్‌కు, జిప్‌లకు సిలికాన్ స్ప్రే. పెట్రోలియం గ్రీజు రబ్బరును తినేస్తుంది.

ఇంట్లోవాళ్లు ఒంటరిగా వెళ్లనివ్వడం లేదు.

వాళ్లకు ధైర్యం చెప్పే మాటల కంటే ఒక ఏర్పాటు చూపించండి. ప్రతి రాత్రీ ఆగిన చోటు లొకేషన్ ఒకరికి పంపుతారు. పొద్దున బయలుదేరేటప్పుడు ఒక మెసేజ్. ఫలానా సమయానికి మెసేజ్ రాకపోతే వాళ్లు ఫోన్ చేస్తారు, ఇంకో రెండు గంటలకూ దొరక్కపోతే ఎవరికి చెప్పాలో ఆ నంబరు ముందే వాళ్ల దగ్గర ఉంటుంది. సిగ్నల్ లేని చోటికి వెళుతుంటే ముందురోజే చెప్పాలి. దారిలో పరిచయమైనవాళ్లు "ఒక్కరేనా?" అని అడిగితే నిజం చెప్పాల్సిన అవసరం లేదు. "మావాళ్లు వెనక వస్తున్నారు" అనడం నేర్చుకోండి. అందరికీ కనిపించేలా ఫొటో పెట్టేది ఆ చోటు వదిలాకే.

మొదటి ప్రయాణానికి ఎంత దూరం వెళ్లాలి?

నచ్చకపోతే అర్ధరాత్రి లేచి ఇంటికి తిరిగి రాగలిగినంత. దానికి ముందు ఇంటి దగ్గరే రూఫ్‌ను పదిసార్లు ఎత్తి దించండి. గుడ్డ మీద నీళ్లు పోసి ఓసారి, తలకు పెట్టుకునే లైటుతో చీకట్లో ఓసారి, ఆ లైటు కూడా ఆపేసి ఓసారి. ఎడమ లాచ్ ఎక్కడుందో తడుముకోకుండా చెయ్యి నేరుగా దాని మీదికి పోయే దాకా చేయండి.